డిగ్రీలో బౌద్ధం చదవాలంటే: ముందు భాష, తర్వాతే యూనివర్సిటీ

ఏటా డిసెంబరులో మా ఇంటర్‌ పిల్లలను అమరావతి తీసుకెళ్తాను. మహాస్తూపం ముందు నిలబడగానే చాలామంది ముఖాలు చిన్నబోతాయి. పాఠ్యపుస్తకంలో చూసిన శిల్పాలు అక్కడ ఉండవు మరి. వాటిలో పెద్ద వాటా లండన్‌ బ్రిటిష్‌ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ ఉంది. "ఇదేనా మేడం?" అని ఫొటోలు దిగి బస్సు వైపు నడుస్తారు. అయినా ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు వెనకబడతారు. తిరుగు దారిలో టీ కోసం బస్సు ఆగినప్పుడు పక్కకు వచ్చి, ఇంట్లోవాళ్లు వింటారేమో అన్నంత మెల్లగా అడుగుతారు: "దీన్నే డిగ్రీలో చదువుకోవచ్చా మేడం?"

చదువుకోవచ్చు. ఆ ఒకరిద్దరి కోసమూ, వాళ్లకంటే ఎక్కువగా కంగారుపడే వాళ్ల అమ్మానాన్నల కోసమూ ఇది రాస్తున్నాను.

అవునని చెప్పగానే వచ్చే రెండో ప్రశ్న "ఏ యూనివర్సిటీ మంచిది?" ఇంజినీరింగ్‌ కౌన్సెలింగ్‌ మన ఇళ్లకు నేర్పిన ప్రశ్న ఇది. ముందు ర్యాంకు, ఆ ర్యాంకుకు వచ్చే కాలేజీ, మిగిలితే బ్రాంచి. బౌద్ధం దగ్గర ఈ వరుస పనిచేయదు. ఇక్కడ మొదట తేల్చుకోవలసింది భాష. మీడియం గురించి కాదు నేనంటున్నది, మూలగ్రంథాల భాష గురించి. బౌద్ధ వాఙ్మయం ఒక్క భాషలో లేదు. పాళీలో ఒక త్రిపిటకం (మూడు భాగాల మూలగ్రంథ సంచయం), సంస్కృతంలో మిగిలినవి కొన్ని, టిబెటన్‌లో ఒక మహాసముద్రం, చైనీస్‌లో మరొకటి. నాలుగూ రావాలని ఎవరూ అనరు. ఒక్కటైనా గట్టిగా రాకపోతే మాత్రం జీవితమంతా ఎవరో చేసిన ఇంగ్లీషు అనువాదం మీద వ్యాఖ్యానాలు రాసుకుంటూ కూర్చోవాలి. ఆ ఒక్కటి నేర్చుకోవడానికి పద్ధెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల వయసుకు మించినది లేదు. పీజీలో చేరాక శబ్దరూపాలు మొదలుపెట్టినవాళ్లను చూశాను. రెండేళ్లలో సెమినార్లు, డిసర్టేషన్‌, నెట్‌ పరీక్ష అన్నీ మీద పడతాయి, భాష మొదటి పుస్తకం దగ్గరే ఆగిపోతుంది.

మహాయాన బౌద్ధ తత్త్వవేత్త, మన నాగార్జునుడినే తీసుకోండి. ఆయన ప్రధాన గ్రంథం మూలమధ్యమకకారిక సంస్కృతంలో దొరుకుతోంది, అదీ చంద్రకీర్తి రాసిన వ్యాఖ్యానం పుణ్యమా అని. ఆయన ఒక శాతవాహన రాజుకు రాసినదిగా చెప్పే 'సుహృల్లేఖ' మూలం పోయింది, టిబెటన్‌, చైనీస్‌ అనువాదాలే మిగిలాయి. అంటే కృష్ణాతీరపు రాజుకు వచ్చిన ఉత్తరాన్ని కృష్ణాతీరపు పిల్లవాడు చదవాలంటే హిమాలయాల అవతలి భాష నేర్చుకోవాలి. "నాకు నాగార్జునుడంటే ఇష్టం" అన్న విద్యార్థికి నేను యూనివర్సిటీ పేరు చెప్పను, టిబెటన్‌ అక్షరాలు ముప్పై ఉంటాయని చెబుతాను.

తెలుగు నోటికి ఏ భాష ఎంత దూరం

పాళీ మనకు అనుకున్నదానికంటే దగ్గర. తెలుగులోకి ప్రాకృతాల దారిన వచ్చిన మాటలు కొన్ని పాళీలో దాదాపు అలాగే కనిపిస్తాయి. నిప్పును పాళీలోనూ అగ్గి అనే అంటారు. శ్రీ అక్కడా సిరే. మన పక్కి వాళ్ల పక్ఖి, మన అచ్చెరువు వాళ్ల అచ్ఛరియ. పాళీకి సొంత లిపి లేదు. సింహళంలో, థాయ్‌లో, బర్మీస్‌లో, నాగరిలో, రోమన్‌లో ఎక్కడివాళ్లు అక్కడి లిపిలో రాసుకున్నారు. విపశ్యన పరిశోధన సంస్థ ఇంటర్నెట్‌లో పెట్టిన త్రిపిటకాన్ని తెలుగు లిపిలోకి మార్చుకుని చదవవచ్చు. వ్యాకరణం సంస్కృతం కంటే తేలిక. పద్ధతిగా కూర్చుంటే ఏడాదిలో చిన్న సుత్తాలు (బుద్ధుడి ఉపదేశాలు) నిఘంటువు సాయంతో చదవగలుగుతారు.

సంస్కృతం గురించి ఒక చేదు మాట. ఇంటర్‌లో ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకుని నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్నాం కాబట్టి భాష వచ్చుననుకోకండి. ఆ మార్కులు ఎలా వస్తాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. డిగ్రీలో మళ్లీ రామశబ్దం దగ్గర నుంచే మొదలుపెట్టాలి. అయితే తెలుగు పద్యం, పురాణం వింటూ పెరిగిన చెవికి సగం పదజాలం ముందే తెలిసి ఉంటుంది. ఈ లాభం జర్మన్‌ విద్యార్థికి ఉండదు.

టిబెటన్‌ చూడగానే భయపెడుతుంది. రాసేది 'బ్స్‌గ్రుబ్స్‌', పలికేది ఇంచుమించు 'డుప్‌'. కానీ వాక్యం నడక మనదే: కర్త, కర్మ, చివర క్రియ. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లు వాక్యాన్ని తలకిందులు చేసుకుని నెలల తరబడి అవస్థపడేచోట తెలుగువాళ్లు ఇబ్బంది లేకుండా నడిచిపోతారు. పైగా గ్రంథ భాషలో చాలా పారిభాషిక పదాలు సంస్కృతానికి మాటకు మాటగా కట్టినవి. ఒకటి వస్తే రెండోది అర్థమవుతూ వస్తుంది.

చైనీస్‌, జపనీస్‌ దారి పూర్తిగా వేరు. దాని సంగతి తర్వాత.

లోపలి నుంచి చదవడం, బయటి నుంచి చదవడం

భాష తర్వాత తేల్చుకోవలసింది ఇది. ఒకేలా కనిపించే రెండు బీఏలలో ఒకటి మఠం చదువు, ఇంకొకటి చరిత్ర చదువు కావచ్చు. మొదటిచోట గురువు గ్రంథాన్ని వాక్యం వెంట వాక్యం విప్పుతాడు. కంఠస్థం చేయాలి, వాదంలో నిలబడాలి. గ్రంథం చెప్పేది నిజమన్న నమ్మకంతోనే పాఠం మొదలవుతుంది. రెండోచోట ఈ గ్రంథం ఎవరు ఎప్పుడు కూర్చారు, ఈ విహారానికి భూమి ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడుగుతారు. రెంటిలో ఏది గొప్ప అన్న వాదం వ్యర్థం. కానీ ఒకటి అనుకుని రెండోదాంట్లో పడ్డ పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే డీలా పడతారు. ధ్యానం నేర్చుకుందామని చేరి, శాసనాల తేదీల మీద ఇరవై పేజీల వ్యాసం రాయవలసివచ్చిన విద్యార్థి ఒకరు నాకు తెలుసు. అది ఆ కాలేజీ తప్పేమీ కాదు.

ధ్యానమే మీకు కావలసినదైతే డిగ్రీ అక్కరలేదు. హైదరాబాదులోనూ నాగార్జునసాగర్‌లోనూ విపశ్యన కేంద్రాలున్నాయి. పది రోజులు మాట్లాడకుండా కూర్చుని రండి. రుసుము లేదు, చివర తోచినంత దానం ఇస్తే చాలు. తిరిగి వచ్చాక కూడా పుస్తకం తెరవాలనిపిస్తే అప్పుడు ఈ వ్యాసం మళ్లీ చదవండి.

ఇంటి దగ్గర ఏముంది

గుంటూరు పక్కనే నాగార్జునుడి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం ఉంది, అందులో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. అయితే అక్కడి చదువు పీజీ, పరిశోధన స్థాయిది. 1957లో మొదలైన ఢిల్లీ విశ్వవిద్యాలయ బౌద్ధ అధ్యయన విభాగం కూడా ప్రధానంగా పీజీకే. రాజగిరిలోని కొత్త నాలందా విశ్వవిద్యాలయమూ అంతే. మన దేశంలో పేరున్న బౌద్ధ విభాగాలు చాలావరకు "ముందు ఏదో ఒక డిగ్రీ చేసి రండి" అనే రకం. ఆ 'ఏదో ఒక డిగ్రీ' ఏమిటన్నదే అసలు చిక్కు.

ఇక్కడే పేర్ల గందరగోళం ఒకటి సరిచేయాలి, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు పొరపడి తప్పు దరఖాస్తు నింపుతారు. రాజగిరి కొండల దగ్గరి నాలందా విశ్వవిద్యాలయం 2010 నాటి పార్లమెంటు చట్టంతో వచ్చింది, 2014లో తరగతులు మొదలుపెట్టింది. నవ నాలందా మహావిహార వేరు. పాత నాలందా శిథిలాలకు దగ్గరలో 1951లో భిక్షు జగదీశ్‌ కశ్యప్‌ చొరవతో మొదలైన సంస్థ అది, 2006లో డీమ్డ్‌ విశ్వవిద్యాలయమైంది. పాళీ త్రిపిటకాన్ని నాగరి లిపిలో 41 సంపుటాలుగా అచ్చువేసింది వీళ్లే. పాళీలో బీఏ ఆనర్స్‌ చేయాలంటే వెళ్లవలసింది ఈ రెండోచోటికి. నాలందా ఓపెన్‌ యూనివర్సిటీ ఇంకొకటి ఉంది, ఈ రెంటితోనూ దానికి సంబంధం లేదు.

దేశంలోనే ఉండి చదవాలనుకునే తెలుగు పిల్లలకు నేను మూడు చోట్లను పోల్చి చూపిస్తాను: నవ నాలందా, కాశీ, మహారాష్ట్ర.

నవ నాలందాలో పాళీ లోతు ఎక్కువ, ఊరు చిన్నది, హిందీ తప్పనిసరిగా రావాలి. వియత్నాం, థాయ్‌లాండ్‌, మయన్మార్‌ల నుంచి వచ్చిన భిక్షువులు సహాధ్యాయులుగా దొరుకుతారు. సాయంత్రమైతే చేయడానికి ఏమీ ఉండదు. కొందరికి అదే వరం, కొందరికి అదే శిక్ష.

కాశీ హిందూ విశ్వవిద్యాలయం అలా కాదు. కళల విభాగంలో పాళీ, బౌద్ధ అధ్యయన శాఖ ఉంది. సంస్కృతం, తత్త్వశాస్త్రం, ప్రాచీన చరిత్ర, పురాతత్వం అన్నీ అదే ఆవరణలో ఉన్నాయి. బీఏ ప్రవేశం కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ ద్వారా, ఫీజు ఏడాదికి కొన్ని వేల రూపాయలే. నగరానికి అవతలి కొసన సారనాథ్‌. ఆదివారం ఆటో ఎక్కితే మొదటి ధర్మోపదేశం జరిగినచోట కూర్చోవచ్చు. పాళీతో పాటు సంస్కృతం కూడా పట్టుకోగల వీలు ఉండటమే కాశీని మిగతావాటి కంటే పైన నిలబెడుతుంది. మన విజయవాడ, సికింద్రాబాద్‌ల నుంచి రైలు దూరం ఎక్కువే, వేసవి మన రెంటచింతలకు ఏమాత్రం తీసిపోదు. అయినా తల్లిదండ్రులు ఒక్క పేరు చెప్పమంటే, డబ్బు సంగతి కూడా చూసి, నేను చెప్పేది ఇదే.

మహారాష్ట్ర కథ వేరు. అక్కడ పాళీ గ్రంథాలయంలో మాత్రమే ఉండే భాష కాదు, వాడల్లోనూ వినిపిస్తుంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్‌ బౌద్ధం స్వీకరించాక లక్షల కుటుంబాల్లో త్రిశరణాలు (బుద్ధం, ధర్మం, సంఘం శరణు వేడే మాటలు) పాళీలోనే పలుకుతున్నారు. ఆయన స్థాపించిన పీపుల్స్‌ ఎడ్యుకేషన్‌ సొసైటీ ముంబైలో సిద్ధార్థ కాలేజీని 1946లోనూ, ఔరంగాబాద్‌లో (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్‌) మిళింద కాలేజీని 1950లోనూ పెట్టింది. ముంబై, పూణె, నాగపూర్‌, ఔరంగాబాద్‌ ప్రాంతాల కాలేజీల్లో బీఏలో పాళీని ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. అక్కడి తరగతి గదిలో బౌద్ధమంటే నిన్నటి శిల్పం కాదు, ఈరోజు ఆత్మగౌరవం. కులం గురించి మాట్లాడకుండా ఏ పాఠమూ పూర్తికాదు. మీరు అంబేడ్కర్‌ ద్వారా బుద్ధుడి దగ్గరికి వచ్చినవారైతే కాశీ కంటే ఇదే మీకు సరైన చోటు. మరాఠీ నేర్చుకోవాలి, తెలుగువారికి అది ఆరు నెలల పని. పూణెలో చదివితే డెక్కన్‌ కాలేజీ, భండార్కర్‌ సంస్థ గ్రంథాలయాలు నడక దూరంలో కాకపోయినా బస్సు దూరంలో ఉంటాయి.

సారనాథ్‌లోనే కేంద్రీయ ఉన్నత టిబెటన్‌ అధ్యయన సంస్థ ఉంది. 1967లో మొదలైంది, 1988లో డీమ్డ్‌ విశ్వవిద్యాలయమైంది. టిబెటన్‌లోనే మిగిలిన భారతీయ గ్రంథాలను తిరిగి సంస్కృతంలోకి తెచ్చే పనిలో వీళ్లకు సాటిలేదు. కానీ బీఏకు సమానమైన శాస్త్రి కోర్సు వాళ్ల పూర్వమధ్యమ, ఉత్తరమధ్యమ (హైస్కూలు, ఇంటర్‌ స్థాయి) తరగతుల మీద కట్టినది, మాధ్యమం టిబెటన్‌. హిమాలయ ప్రాంతాల పిల్లల కోసం, టిబెటన్‌ శరణార్థుల పిల్లల కోసం వేసిన మెట్లు అవి. ఇంటర్‌ బైపీసీ చదివి నేరుగా అక్కడికి వెళ్లి నిలదొక్కుకోవడం కష్టం. లేహ్‌లోని కేంద్రీయ బౌద్ధ అధ్యయన సంస్థకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన ఐదు కాలేజీల విద్యార్థులు చలికాలంలో కొన్ని వారాలు ఇదే సారనాథ్‌ సంస్థకు వచ్చి చదువుకుని వెళ్లే ఏర్పాటు ఎన్నో ఏళ్లుగా ఉంది. మనకు రైలు దూరంలో ఉన్నచోటికి వాళ్లు సముద్రాలు దాటి వస్తున్నారు.

కాఠ్మండూ: టిబెటన్‌ కావాలంటే

నాగార్జునుడి కోసమో మహాయాన తత్త్వం కోసమో వచ్చినవాళ్లకు నేను గట్టిగా చెప్పే పేరు కాఠ్మండూలోని రాంగ్‌జుంగ్‌ యేషే సంస్థ. బౌద్ధనాథ్‌ స్తూపానికి నడక దూరంలో ఒక మఠంలో నడుస్తుంది, డిగ్రీ ఇచ్చేది కాఠ్మండూ విశ్వవిద్యాలయం. ఇందులో ప్రత్యేకత ఏమిటంటే, లోపలి చదువు, బయటి చదువు ఒకే రోజు ఒకే ఆవరణలో జరుగుతాయి. ఒక తరగతిలో ఖెన్‌పో, అంటే మఠంలో పండిత పట్టా పొందిన భిక్షువు, టిబెటన్‌లో గ్రంథం చెబుతూ ఉంటాడు, పక్కన దుబాసి ఇంగ్లీషులోకి మారుస్తూ ఉంటాడు. ఇంకో తరగతిలో యూరప్‌లోనో అమెరికాలోనో పీహెచ్‌డీ చేసిన అధ్యాపకులు అదే గ్రంథాన్ని చరిత్రగా విప్పుతారు. టిబెటన్‌ మాట్లాడే కుటుంబాల ఇళ్లలో ఉండి చదువుకునే వీలూ ఉంది. మూడో ఏడు వచ్చేసరికి దుబాసి నోటి నుంచి కాక, ఖెన్‌పో నోటి నుంచే వినడం మొదలవుతుందని అక్కడ చదివినవాళ్లు చెబుతారు.

భారతీయులకు నేపాల్‌కు వీసా అక్కరలేదు. ఖర్చు కాశీ కంటే బాగా ఎక్కువ, ఇంగ్లండ్‌తో పోలిస్తే చాలా తక్కువ. క్లాసులో సగానికి పైగా వేర్వేరు దేశాలవాళ్లు ఉంటారు, కొందరు మీకంటే పదేళ్లో ఇరవయ్యేళ్లో పెద్దవాళ్లు. పద్ధెనిమిదేళ్ల పిల్లకు అది మొదట బెరుకు పుట్టించినా తర్వాత మేలే చేస్తుంది. జాగ్రత్త పడవలసింది ఒక్కటి: ఇక్కడికి తిరిగి వచ్చి పీజీకో ఉద్యోగానికో ఆ డిగ్రీ చూపించాల్సి వస్తే సమానత్వ ధ్రువపత్రం అడుగుతారు. చేరేముందే ఆ నియమాలు చదివి, మీరు ముందుముందు చేరదలచుకున్న విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట నమ్మి నాలుగేళ్లు పెట్టకండి. ఇది విదేశీ డిగ్రీలన్నిటికీ వర్తిస్తుంది.

శ్రీలంకా, థాయ్‌లాండా

రెండూ థేరవాదమే (పాళీ త్రిపిటకాన్ని ప్రమాణంగా తీసుకునే బౌద్ధ శాఖ), రెండుచోట్లా పాళీయే. అయినా తేడా పెద్దది. శ్రీలంకలో చదువుకు గ్రంథం కేంద్రం, థాయ్‌లాండ్‌లో భిక్షు సంఘం కేంద్రం.

శ్రీలంకలోని కెలణియ విశ్వవిద్యాలయం 1875లో పెట్టిన విద్యాలంకార పిరివెన (భిక్షువుల విద్యాలయం) నుంచి పెరిగింది, పేరాదెణియ విశ్వవిద్యాలయంలోనూ పాళీ, బౌద్ధ అధ్యయన శాఖ ఉంది. క్యాండీ దగ్గర పల్లెకెలెలో ఉన్న శ్రీలంక అంతర్జాతీయ బౌద్ధ అకాడమీ ఇంగ్లీషులో బీఏ చెబుతుంది. గోవాలో పుట్టిన ధర్మానంద కోశాంబి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాళీ కోసం వెళ్లింది శ్రీలంకకే. తర్వాత ఆయన హార్వర్డ్‌లో పాళీ గ్రంథ పరిష్కరణ చేశారు, పూణె ఫెర్గూసన్‌ కాలేజీలో పాళీ చెప్పారు. మనవాళ్లకు అంతకంటే పాత బంధమూ ఉంది. నాగార్జునకొండలో సింహళ విహారమని ఒకటి ఉండేదని శాసనమే చెబుతోంది. అన్నం, కొబ్బరి, కారం ఉన్నచోటు కాబట్టి మెస్‌ గురించి దిగులక్కరలేదు.

థాయ్‌లాండ్‌లో మహాచులాలాంగ్‌కార్న్‌రాజవిద్యాలయ విశ్వవిద్యాలయం ఉంది. పేరు పొడవని జడిసిపోకండి, చివర మన రాజవిద్యాలయమే. 1887లో చులాలాంగ్‌కార్న్‌ రాజు భిక్షువుల కోసం స్థాపించాడు, ఇప్పుడు ప్రధాన ఆవరణ అయుత్థయ దగ్గర వాంగ్‌ నొయ్‌లో ఉంది. ఇంగ్లీషులో బౌద్ధ అధ్యయనాల బీఏ ఉంది, గృహస్థులనూ చేర్చుకుంటారు. కానీ తరగతి నిండా కాషాయమే. అమ్మాయిలు ఒకటి తెలుసుకుని వెళ్లాలి. భిక్షువు చేతికి స్త్రీ నేరుగా ఏదీ ఇవ్వకూడదు. పుస్తకమైనా సరే, ఆయన పరిచిన గుడ్డ మీదో బల్ల మీదో పెట్టాలి. కొందరికి ఇది ఆచారంగా ఆసక్తి కలిగిస్తుంది, కొందరికి రోజూ గుచ్చుకుంటుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి. పాళీ పాండిత్యం లక్ష్యమైతే నా ఓటు శ్రీలంకకు. ఆగ్నేయాసియా దేశాల్లో బౌద్ధ సంస్థలతో పనిచేయాలని ఉంటే థాయ్‌లాండ్‌.

సముద్రాల అవతల

ఇంగ్లండ్‌లో, అమెరికాలో బౌద్ధం విడిగా ఒక డిగ్రీగా అరుదు. మతాల అధ్యయనం అనే పెద్ద డిగ్రీలో అది ఒక కొమ్మ. ఆక్స్‌ఫర్డ్‌లో సంస్కృతం డిగ్రీలో చేరి దానితో పాటు పాళీ చదివే దారి ఉంది. ఆ చదువు నాణ్యత గురించి రెండో మాట లేదు. బ్రిటన్‌లో విదేశీ విద్యార్థి ఫీజే ఏడాదికి ఇరవై వేల పౌండ్లు దాటుతుంది, తిండి, గది అదనం. పొలం అమ్మి పంపవలసిన చదువు కాదిది. ఈ మాట తల్లిదండ్రులకు సూటిగా చెబుతున్నాను. ఈ రంగంలో ఆ డబ్బు తిరిగి రావడానికి సగం జీవితం పడుతుంది.

అమెరికాలో ఒక మినహాయింపు ఉంది. హార్వర్డ్‌, యేల్‌, ప్రిన్స్‌టన్‌, ఆమ్‌హర్స్ట్‌ లాంటి కొన్ని సంస్థలు విదేశీ విద్యార్థులను చేర్చుకునేటప్పుడు కూడా కుటుంబ ఆదాయం చూడవు, చేర్చుకున్నాక కట్టలేని మొత్తాన్ని తామే భరిస్తాయి. సీటు రావడం గగనకుసుమమే, కానీ వస్తే ఫీజు గురించి ఆలోచించనక్కరలేదు. ఆమ్‌హర్స్ట్‌కు అదనపు ఆకర్షణ, పైన చెప్పిన ఐదు కాలేజీలు కలిసి ఇచ్చే బౌద్ధ అధ్యయనాల సర్టిఫికెట్‌. ఇక 1974లో టిబెటన్‌ గురువు చోగ్యం త్రుంగ్‌పా బౌల్డర్‌లో స్థాపించిన నరోపా లాంటివి సాధన, చదువు కలిపి నడిపేవి. వాటి మీద నాకు వ్యతిరేకత లేదు, కానీ తెలుగు పిల్లలు సాధన కోసం కొలరాడో దాకా వెళ్లడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

జర్మనీలో ఫీజు దాదాపు లేదని విని చాలామంది ఉత్సాహపడతారు. హాంబుర్గ్‌, మ్యూనిక్‌లలో భారతీయ, టిబెటన్‌, బౌద్ధ అధ్యయనాలకు గొప్ప పేరుంది, నిజమే. అయితే బీఏ జర్మన్‌లో ఉంటుంది, మన ఇంటర్‌ సర్టిఫికెట్‌తో సాధారణంగా నేరుగా చేర్చుకోరు. ఇక్కడ డిగ్రీ ఒక ఏడాది పూర్తిచేయాలి, లేదా అక్కడ సన్నాహక కోర్సు చదవాలి, పైగా మన సర్టిఫికెట్లు సరైనవని తేల్చే ఏపీఎస్‌ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. బీఏ ఇక్కడ చేసి ఎంఏకు వెళ్లడం తెలివైన పని.

జపాన్‌లో 1639 నాటి రియుకోకు, ఇంకా ఒతాని, కొమజవా, కోయసాన్‌ లాంటి సంస్థలు ఒక్కో శాఖవి. పాఠాలు జపనీస్‌లోనే. చైనీస్‌ త్రిపిటకం చదవాలన్న పట్టుదల ఉంటే జపాన్‌ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ ఒక తలుపు: మొదటి ఏడాది భాష, తర్వాత నాలుగేళ్ల డిగ్రీ. ఇప్పటికే జపనీస్‌ మీద మోజున్న పిల్లలకు తప్ప నేను సూచించను.

కదలకుండా చదివే దారి

నాకు అన్నిటికంటే ఇష్టమైనది, పిల్లలకు అన్నిటికంటే చప్పగా అనిపించేది ఇదే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో గుంటూరులోనో మామూలు డిగ్రీ కాలేజీలో చరిత్ర, సంస్కృతం ఉన్న బీఏలో చేరడం. పాళీ సొంతంగా నేర్చుకోవడం. మూడేళ్లూ సెలవుల్లో మన స్థలాలన్నీ తిరగడం: భట్టిప్రోలు, ఘంటసాల, గుంటుపల్లి, శాలిహుండం, బావికొండ, తొట్లకొండ, బొజ్జన్నకొండ, ఫణిగిరి, నేలకొండపల్లి, ధూళికట్ట. తర్వాత పీజీకి కాశీకో పూణెకో నాగార్జునకో వెళ్లడం.

ఎందుకంటే, పూర్వశైలీయులు, అపరశైలీయులు అన్న మన బౌద్ధ శాఖల గ్రంథాలు దాదాపు ఏమీ మిగలలేదు. పాళీ వ్యాఖ్యానాల్లో 'అంధకులు' అని వాళ్లను ఖండించిన చోట్ల ఒకటి రెండు మాటలు, ఇంకా రాళ్లమీద ప్రాకృత శాసనాలు, అంతే. ఆ శాసనాలు చదవాలంటే బ్రాహ్మీ లిపి, కొంచెం ప్రాకృతం, చాలా ఓపిక కావాలి. నాగార్జునకొండ శాసనాల్లో దానాలిచ్చిన ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి పేరు చదవడానికి తెలుగు చెవి ఎంత పనికొస్తుందో చూడండి, ఆ 'సిరి' ఇప్పటికీ మన నోట్లోనే ఉంది. 1954 నుంచి 1960 దాకా జరిగిన ఆ తవ్వకాల చోటు ఇప్పుడు సాగర్‌ నీటి కింద ఉంది. దొరికినవి ద్వీపం మీది మ్యూజియంలో ఉన్నాయి. ఏడో శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్‌ చైనా నుంచి వచ్చి ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, నెలల తరబడి ఆగి మహాసాంఘికులనే పాత బౌద్ధ శాఖ వాళ్ల అభిధర్మం (తత్త్వ గ్రంథాలు) చదువుకున్నాడు. మనకైతే నాగార్జునకొండ చేరడానికి లాంచీ టిక్కెట్టు చాలు.

ఈ దారిలో ఉన్న లోపం కూడా చెప్పాలి. మిమ్మల్ని రోజూ పాళీ వాక్యం అప్పజెప్పమనేవాళ్లు ఉండరు. సొంత క్రమశిక్షణ లేనివాళ్లకు మొదటి వర్షాకాలం దాటేసరికి పుస్తకం అటకెక్కుతుంది. మీ ఇంటర్‌ చదువు స్టడీ అవర్ల బెత్తంతోనే నడిచి ఉంటే ఈ దారి మీది కాదు, కాశీ వెళ్లండి.

ఉద్యోగం

నాన్నలు ఈ భాగం ముందు చదువుతారని తెలుసు. అధ్యాపక ఉద్యోగాలు కొద్ది. యూజీసీ నెట్‌లో 'బౌద్ధ, జైన, గాంధీ, శాంతి అధ్యయనాలు' ఒక సబ్జెక్టు, పాళీ విడిగా ఇంకొకటి. పోటీ తక్కువ, పోస్టులు అంతకంటే తక్కువ. సివిల్స్‌లో పాళీ ఐచ్ఛికంగా ఉన్న రోజులు 2013తో పోయాయి. ఇంకా దాన్ని నమ్ముకుని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 2024 అక్టోబరులో పాళీకి ప్రాచీన భాష హోదా వచ్చింది. దానివల్ల కొన్ని ప్రాజెక్టులు, ఫెలోషిప్పులు రావచ్చు, కానీ ఆ ఆశమీద సీటు తీసుకోవద్దు. భాష నిజంగా వచ్చినవాళ్లకు పని దొరుకుతుంది: శాసన విభాగాలు, మ్యూజియాలు, గ్రంథాలయాల్లో రాతప్రతుల పని, బౌద్ధ యాత్రాస్థలాల్లో లైసెన్సు ఉన్న గైడు పని, అనువాదం. టిబెటన్‌ కంగ్యూర్‌ (బుద్ధుడి మాటలుగా చెప్పే గ్రంథాల సంచయం) మొత్తాన్ని ఇంగ్లీషులోకి తెచ్చే 84000 అనే ప్రాజెక్టు 2010 నుంచి నడుస్తోంది. టిబెటన్‌, సంస్కృతం రెండూ వచ్చినవాళ్లు ప్రపంచంలోనే లెక్కపెట్టేంత మంది. ఏ భాషా రాకుండా పట్టా మాత్రమే ఉన్నవాళ్లు మాత్రం మామూలు బీఏ వాళ్లతో అదే వరుసలో నిలబడాలి. నేను భాష భాష అని సతాయించడానికి సగం కారణం ఇదే.

ఇంకా తేల్చుకోలేకపోతే తేదీల లెక్కన పని మొదలుపెట్టండి. అమెరికా దరఖాస్తులు ఇంటర్‌ రెండో ఏడు మధ్యలోనే, నవంబరు నుంచి జనవరి మొదటి వారంలోగా పంపాలి. జపాన్‌ స్కాలర్‌షిప్‌ ఎంబసీ ద్వారా, దాని ప్రకటన కోసం వేసవి నుంచే కన్నేసి ఉంచాలి. సీయూఈటీ ఫారం పబ్లిక్‌ పరీక్షల హడావుడిలోనే వస్తుంది, ఈఏపీసెట్‌ (పాత ఎంసెట్‌) కోచింగ్‌ గొడవలో అది జారిపోయి బాధపడ్డవాళ్లున్నారు. కాఠ్మండూ, శ్రీలంక సంస్థలు ఇంటర్‌ ఫలితాల తర్వాత కూడా మాట్లాడతాయి, కానీ ఈమెయిల్‌కు జవాబు రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే రాసి ఉంచండి. ఈలోగా నాగరి లిపి చదవడం రానివాళ్లు ఉంటే ఈ ఆదివారమే మొదలుపెట్టండి.